నాలుగు డిస్కుల ఉమ్మడి కాపురం

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. చూడటానికి చిన్న పుస్తకమంత ఉంటాను కానీ బరువు అరకిలో పైమాటే. పుట్టింది ఏదో పరాయి దేశంలో, దుమ్మురేణువు కూడా చొరబడని గదిలో. అక్కడ నన్ను ముట్టుకోవాలంటే మనుషులు తల నుంచి పాదాల దాకా తెల్లబట్టలు చుట్టుకోవాలి. కాకినాడ చేరాక నూకరాజు నన్ను అట్టపెట్టెలోంచి తీసి భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. అంతకు ముందే దానితో మెడ తుడుచుకున్నాడు. నా మడి అక్కడితో సరి.

నేను చేరిన చోటు చూపులేని విద్యార్థుల కోసం నడిచే శబ్ద గ్రంథాలయం. ఊళ్లోని ఆడవాళ్లు తీరిక చేసుకుని వచ్చి పాఠ్యపుస్తకాలు పైకి చదువుతారు. ఆ చదివినదంతా రికార్డయి మా సర్వర్‌కు చేరుతుంది. అందులో నాలాంటివాళ్లం నలుగురం. నాది మూడో గది. మమ్మల్ని తోడికోడళ్లనుకోండి. ఏ పాఠమూ ఒక్కరి దగ్గరే ఉండదు, ముక్కలు చేసి నలుగురం పంచుకుంటాం. ఒకరు మంచాన పడితే, ఆవిడ దగ్గర ఏముందో మిగిలిన ముగ్గురం కూడబలుక్కుని చెప్పగలం. ఇద్దరు పడితే మాత్రం ఆ ఇంట పొయ్యి వెలగదు. ఈ ఏర్పాటుకు రెయిడ్ అని పేరు.

గ్రంథాలయం నడిపేది సుభద్రగారు, రిటైరైన టీచరు. చదవడంలో ఆవిడ ఎంత నిక్కచ్చి అంటే, పుస్తకం వెనకట్ట మీది ధర కూడా వదలరు. నూకరాజు అక్కడ అటెండరు. ఇరవై ఏళ్ల నుంచీ తలుపులు తీసేదీ, మూసేదీ, మధ్యలో సలహాలిచ్చేదీ అతనే.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ ఘనంగా చేశారు. నూకరాజు మైకులకూ, కంప్యూటర్లకూ, తన సైకిలుకూ గంధం రాసి బొట్లు పెట్టి చివరికి మా దగ్గరికి వచ్చాడు. మాకు నుదురు ఎక్కడుంటుందో అతనికి తెలియలేదు. ముందువైపు చిన్న దీపం కనిపిస్తే అదే అనుకున్నాడు. నలుగురికీ చిక్కగా గంధం, దాని మీద కుంకుమ. నేను తప్పు పట్టను. జన్మలో నాకు జరిగిన పేరంటం అదొక్కటే.

అయితే ఆ దీపం మా జ్వరం చెప్పే దీపం. మాలో ఎవరికి బాగాలేకపోయినా ఆవిడ దీపం ఎర్రగా వెలుగుతుంది. పూజ అయిన మూడో రోజున రెండో గది డిస్కు ఆగిపోయింది. దీపం వెలిగింది. నూకరాజు సుభద్రగారిని పిలిచి మరీ చూపించాడు.

"చూడండమ్మా, ఈసారి కుంకం మంచి సరుకండి. ఎలా మెరుస్తుందో."

"పిఠాపురంలో కొన్నాను మరి," అన్నారావిడ తృప్తిగా.

మిగిలిన ముగ్గురం తొమ్మిది రోజులు నెట్టుకొచ్చాం. నాకా, అప్పటికే వయసైపోయింది. పదో రోజు పొద్దున నేనూ తడబడ్డాను. పాఠాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

సరిగ్గా అప్పుడే తాళ్లరేవు బస్సు దిగి కెజియా వచ్చింది. పుట్టుకతో చూపులేని పిల్ల. ఫోన్‌లో చోటు చాలదు కనుక, విన్న పాఠాలు చెరిపేసి కొత్తవి ఎక్కించుకుపోతుంది. టీచర్ ఉద్యోగాల పరీక్షకు ఇంకా పదిరోజులే ఉన్నాయి. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు చాలించి అన్నయ్య పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండాలని పెద్దవాళ్లు తేల్చేశారు. సుభద్రగారు చదివిన శిశు మనస్తత్వశాస్త్రం మొత్తం మరోసారి వినాలని వచ్చింది.

తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న నిలబడి ఉంది. డిస్కులన్నిటినీ కొత్తగా సిద్ధం చేయమంటారా అని. సుభద్రగారు దాన్ని తెలుగులో పైకి చదివి చెప్పారు.

"చెయ్యమనండమ్మా. అంత మర్యాదగా అడుగుతుంటేను," అన్నాడు నూకరాజు.

సుభద్రగారి వేలు మీట మీదికి వెళ్లింది.

"ఆగండి మేడం," అంది కెజియా. "కొత్తగా అంటే, పాతవి ఏమవుతాయండి?"

వేలు గాల్లోనే ఆగింది. దిగి ఉంటే ఈ కథ చెప్పడానికి నాకు జ్ఞాపకం మిగిలేది కాదు.

మధ్యాహ్నానికి కంప్యూటర్లు బాగుచేసే రెహానా వచ్చింది. బొటనవేలి గోరుతో కుంకుమ గీకి చూసింది. కింద ఎర్రదీపం.

"ఈ బొట్లు ఎవరు పెట్టారండి?"

"నేనేనండి. శాస్త్రప్రకారం పెట్టాను."

"దీపం ఆర్పి పూజ చెయ్యమని ఏ శాస్త్రంలో ఉందండి?"

నూకరాజు తువ్వాలు సర్దుకుని టీ తెస్తానని వెళ్లిపోయాడు.

రెహానా మా నలుగురికీ నంబర్లు అంటించి బయటికి తీసింది. నన్ను బాగుచేయడం కాదు, ఊపిరి ఉండగానే నా దగ్గరున్నదంతా కొత్త డిస్కు మీదికి ఎత్తడం ఆమె పని. తేలిగ్గా చెప్పగలిగినవి ముందు చెప్పించుకుంది. నేను మొరాయించిన చోట్లు చివరికి అట్టేపెట్టింది. వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ అడిగింది. ఇలా రెండు రోజులు. కెజియా సుభద్రగారింట్లోనే ఉండిపోయింది. ఇద్దరూ గంటకోసారి వచ్చేవారు.

"ఏమంటుందమ్మా?"

"చెబుతోందండి. తొందరపెడితే మళ్లీ అలుగుతుంది."

నా బదులు ఆ కొత్తదాన్ని మూడో గదిలో పెట్టింది. పాఠాలు లేచి వచ్చాయి. రెండో గదికీ ఇంకో కొత్తది తెస్తే, ముగ్గురూ కలిసి రోజంతా దానికి అన్నీ నేర్పారు. ఒక్క అధ్యాయంలో మాత్రం పదకొండు నిమిషాలు రాలేదు. పిల్లలు భయాన్ని ఎలా నేర్చుకుంటారనే పాఠం. ఎంత బతిమాలినా నేను చెప్పలేకపోయాను.

"పాత ముద్రణ. పుస్తకం కూడా ఎక్కడా దొరకడం లేదు," అన్నారు సుభద్రగారు. "నీ తర్వాతి పిల్లలకెలా?"

"అది నాకు వచ్చండి," అంది కెజియా. "పోయినసారి పరీక్షకి పాతికసార్లు విన్నాను. మైకు పెట్టండి."

ఆ రోజు సుభద్రగారు ఎదురుగా కూర్చుని విన్నారు. కెజియా ఎక్కడా తడుముకోలేదు. ఊపిరి తీసుకునే చోట్లు కూడా సుభద్రగారివే.

కెజియాకు ఉద్యోగం వచ్చింది. ఉప్పాడ దగ్గర బడిలో మూడో తరగతికి చెబుతోంది. ఆ అధ్యాయం వినేవాళ్లకు నడుమ పదకొండు నిమిషాలు గొంతు మారుతుంది. నేనిప్పుడు సుభద్రగారి బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా ఆపుతూ ఉంటున్నాను. కెజియా మైకు ముందు ఆ పాఠం చెప్పిన రోజున కూడా ఇక్కడే ఉన్నాను. ఎక్కడా రాసుకోవలసిన పని లేకుండా, ఊరికే కూర్చుని నేను విన్న పాఠం అదొక్కటే.