చెల్లెలి ఎత్తుకు సీటు

అక్క వృత్తి బట్టలు కుట్టడం. చెల్లి వృత్తి ఆలస్యంగా రావడం. జీతమిచ్చేది వేరే ఏదో ఆఫీసే అయినా, చెల్లి అసలు ఉద్యోగం మాత్రం అదేనని అక్క ఊరంతా చెప్పుకుని నవ్వేది.

ఒకే సైకిలుతో ఇద్దరూ అడవి బాట తిరిగే పద్ధతి ఆ ఆలస్యంలోంచే పుట్టింది. అక్క అనుకున్న వేళకి సైకిలెక్కి వెళ్ళిపోతుంది. రెల్లుగడ్డి దాటి, నీళ్ళ మీద వేసిన చెక్కబాట మొదలయ్యే చోట సైకిలుని స్తంభానికి ఆనించి, అక్కడి నుంచి నడక. వెనకాల తాపీగా నడిచొచ్చిన చెల్లి ఆ సైకిలెక్కి, బెల్లు కొడుతూ అక్కని దాటిపోయి, ముందెక్కడో దాన్ని ఆనించి తను నడుస్తుంది. అలా ఒకరినొకరు దాటుకుంటూ బాట చివరిదాకా. ఒకరి కోసం ఒకరు ఆగకూడదు, నియమం అదొక్కటే. అక్క పొట్టి, చెల్లి తాడిచెట్టంత పొడుగు. సైకిలు చేతులు మారినప్పుడల్లా సీటు ఎక్కుతూ దిగుతూ ఉండాల్సిందే.

"సీటు దించి పెట్టొచ్చుగా, ఒంటే?"

"నువ్వు కాస్త పెరగొచ్చుగా, పొట్టక్కా?"

తర్వాత అమ్మ పోయింది. చెల్లి వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలో నిలబడ్డ దాన్ని చూసి, చుట్టాలందరి ముందూ అక్క అంది, "దీనికి కూడా ఆలస్యమేనా?" రోజూ నవ్వుతూ అనే మాటే. ఆ రోజు నవ్వు లేదు. ఆ రోజు వెళ్ళిన చెల్లి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. రెండేళ్ళయింది.

పోయిన వారం అక్కే ఫోను చేసింది. తప్పయిందని చెప్పాలనుకుంది. నోరు తెరిస్తే ఇంకోటి బయటికొచ్చింది.

"ఆదివారం బాటకి వెళ్తున్నా. సైకిలు ఒకటే ఉంది."

"చూస్తానక్కా."

ఆ చివరి "అక్కా" పుణ్యమా అని వారమంతా ఆవిడ చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది.

ఆదివారం ఆవిడ ఎవరి కోసమూ ఆగలేదు. ఆగితే రాదని అనుమానించినట్టే కదా. రెల్లు దాటింది, సైకిలుని స్తంభానికి ఆనించింది, హ్యాండిల్‌కి రెండు ఆపిల్ పళ్ళ సంచి తగిలించి నడక మొదలుపెట్టింది. చెక్కల కింద నల్లటి నీళ్ళు. ఆ తర్వాత మోకాల్లోతు నీళ్ళలో నిలబడ్డ చెట్లు. అవీ దాటితే నాచు మైదానం, కాలు వేస్తే పాత పరుపులా దిగిపోతుంది. వెనక అప్పుడప్పుడూ సైకిలు బెల్లు మోగేది. తమ సైకిలు బెల్లు సొట్టపడి బొంగురుగా మోగుతుంది, ఇది అది కాదని తెలుసు. అయినా తిరిగి చూసేది. ఒక జంట దాటిపోయింది. ఒక గడ్డం మనిషి దాటిపోయాడు.

మైదానం అంచున మడుగు పక్కన బెంచీ ఉంది. చెల్లి ప్రతిసారీ సైకిలు దిగి ఆనించేది ఇక్కడే. బెంచీ ఖాళీగా ఉంది. అక్క దాని మీద కూర్చుంది. నీళ్ళ మీద ఎండ పసుపుపచ్చగా మారేదాకా కూర్చుంది. వస్తే బాగుణ్ణు, వచ్చి తిట్టినా బాగుణ్ణు అనుకుంది. ఆ ఒంటె మొహం ఒక్కసారి కనిపిస్తే చాలనిపించింది. చివరికి లేచి వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

సైకిలు పెట్టిన చోటే ఉంది. ఆపిల్ పళ్ళు రెండూ సంచిలోనే ఉన్నాయి. సీటు కిందికే ఉంది, చెల్లి చెయ్యి పడలేదు.

ఎక్కి తొక్కితే చీకటి పడకుండా ఇల్లు చేరొచ్చు. ఆవిడ సీటు కింది బిగింపు వదులు చేసింది. చెల్లి ప్యాంట్లన్నీ తను కుట్టినవే. ఆ కాలి పొడవుకి ఆవిడకి టేపు అక్కర్లేదు. పెడలు నుంచి పైకి జానలతో కొలుచుకుంటూ వెళ్ళి, సరిగ్గా ఆ ఎత్తుకి సీటు లేపి బిగించింది. ఇక ఆవిడకి కాలు అందదు. సైకిలుని తోసుకుంటూ బయల్దేరింది.

తిరుగు దారిలో ఇందాకటి గడ్డం మనిషి పక్కకొచ్చి ఆగాడు.

"సీటు దించుకోండమ్మా. అంత ఎత్తు మీకు అందదు."

"నాక్కాదండీ. మా చెల్లెలికి."

అతను ముందూ వెనకా చూశాడు. బాట మీద ఎవరూ లేరు.

"ఏరీ ఆవిడ?"

"వస్తుంది. దానికి ఎప్పుడూ కాస్త ఆలస్యమే," అంది అక్క. అని, సీటు మీద పడ్డ ఆకుని చేత్తో తుడిచింది. "రానీండి. తొందరేం లేదు."