ఎన్ని రోజులు ఉంచాలి

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పదకొండు మందిమి పనిచేసేవాళ్లం. యంత్రాల హోరులో పక్కమనిషి మాట వినపడదు. అందుకని ఎవరి షిఫ్టు ఎవరు మార్చుకోవాలన్నా కంపెనీ ఇచ్చిన యాప్‌లోనే రాసుకునేవాళ్లం. అందులో ఏం రాసినా సూపర్‌వైజరుకు కనబడుతుందని మాకు తెలియదు. పోయిన నెల తన మీద రాసినవి చదివి ఇద్దరిని పనిలోంచి తీసేశాడు. అప్పటినుంచి మా మాటలు మా దగ్గరే ఉండే ఏర్పాటు కావాలన్నారు అందరూ. చదువు వచ్చినదాన్ని కదా అని ఆ బాధ్యత నా నెత్తిన పెట్టారు.

నాకు చదువు వచ్చి నాలుగేళ్లే. ఆయన పోయాక, యాభై ఆరో ఏట, మా చెల్లెలి కూతురు కూర్చోబెట్టి నేర్పింది. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. ఆ సంగతి పనిలో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి, కాళ్లు వేడినీళ్ల బకెట్‌లో పెట్టుకుని కూర్చున్నాను. నాకు చదువు నేర్పిన పిల్లకు కంప్యూటర్లు బాగుచేసే పని; తనే ఒక పాత కంప్యూటర్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. పొడుగమ్మ కూడా వచ్చింది. పని పోయిన ఇద్దరిలో ఆమె ఒకతె.

"మీలో మీరు రాసుకోవడానికి ఇందులో పెట్టుకునే ప్రోగ్రాములు మూడు రకాలున్నాయి పెద్దమ్మా," అంది పిల్ల. " ఒకటి అందరి ఫోను నంబర్లూ అడుగుతుంది."

"వద్దు," అంది పొడుగమ్మ.

"ఇంకోటి మంచిదే గానీ బరువు. ఈ డబ్బా మోయలేదు."

"మా వదినలాగే అన్నమాట," అంది పొడుగమ్మ నన్ను చూపిస్తూ. " రెండు మెట్లెక్కితే ఆయాసం."

"నోరు ముయ్యి," అన్నాను. నవ్వడానికీ ఓపిక లేదు.

మూడోది చిన్నది. దాన్నే ఎక్కించింది. గంటసేపు నల్లటి తెర మీద తెల్ల గీతలు పైకి పరుగెత్తాయి. మధ్యలో ఎర్రగా ఏదో రాసి ఆగిపోయింది. ఎక్కడో ఒక చుక్క తప్పిపోయిందట. మళ్లీ మొదటికి. పదకొండు మంది పేర్లూ నాచేతే కొట్టించింది. నా వేళ్లు తిమ్మిరెక్కాయి.

చివరికి ఒక ప్రశ్న మిగిలింది.

"సందేశాలు ఎన్ని రోజులు ఉంచాలి? గడువు దాటితే ఇక్కడా, అందరి ఫోనుల్లోనూ చెరిగిపోతాయి."

"ఒక్కరోజు," అంది పొడుగమ్మ వెంటనే. "రేపు వాడు ఫోను లాక్కున్నా ఖాళీయే కనబడాలి. నాలాగా ఇంకొకత్తె వీధిన పడకూడదు."

పెద్ద సందేశమైతే చదవడానికి నాకు రెండు రోజులు పడుతుంది. సగంలో ఉండగానే చెరిగిపోతుంది. వాళ్ల మాటలన్నీ నాకు సగం సగమే అందుతాయి.

"వారం ఉంచితే?" అన్నాను.

"ఎందుకు వదినా, ఫ్రేము కట్టించుకుంటావా?"

పిల్ల నా మొహం చూసి వంగి చెవిలో అంది. "నీ ఒక్కదానికి ఇందులో కాపీ మిగిలేలా పెట్టనా? ఎవరికీ తెలీదు."

ఎవరికీ తెలియకుండా మా మాటలు చూసినవాడి వల్లే కదా ఇంత దూరం వచ్చింది. బకెట్‌లో నీళ్లు చల్లారిపోయాయి.

"ఒక్కరోజే పెట్టు," అన్నాను, పొడుగమ్మకూ వినబడేలా. "కానీ పొడుగమ్మా, నా చదువు నత్తనడక. నువ్వు చాటభారతం రాస్తే ఒక్కరోజులో నా వల్ల కాదు."

"అదేంటి, మా అందరిలోకీ చదువుకున్నదానివి నువ్వేగా."

"చదువుకున్నాను. వేగం రాలేదు."

"మరి పోయిన నెల వాడి మీద నేను రాసింది?"

"సగం దాకా వచ్చేసరికి నీ పని పోయింది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"రెండేసి మాటల్లో రాస్తాలే. మిగతావాళ్లకీ చెప్తా."

పిల్ల నాచేత ఒకటి అంకె కొట్టించింది. మొదటి సందేశం పొడుగమ్మే పంపింది, ఎదురుగా కూర్చునే. నేను పెదవులు కదుపుతూ చదువుతున్నంతసేపూ ఆమె తొందరేమీ లేనట్టు గోడవైపు చూస్తూ ఉంది.

"పని దొరకలేదు" అని ఉంది.