పెరుగన్నం పిల్లి

విశాఖపట్నం జాలరిపేటలో చిలకమ్మ పరాయివాళ్ళ కుక్కల్నీ పిల్లుల్నీ డబ్బుకి ఇంట్లో పెట్టుకుని చూస్తుందట అని తెలిసినప్పుడు పేటంతా ముక్కున వేలేసుకుంది. అందరికంటే ముందు నవ్వినవాడు ఆమె మొగుడు అబ్బులే. "ఊళ్ళో మనుసులికి లేని ఓటలు కుక్కలికేటే? తిండీ పడకానూ!" అన్నాడు. చిలకమ్మ మాట్లాడలేదు. ఆమె మాట్లాడలేదంటే పని అప్పటికే మొదలైపోయిందని అర్థం. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన అబ్బులుకి ఆమాత్రం తెలుసు.

అసలు ఈ గొడవంతా మెడ దగ్గర మొదలైంది. పెళ్ళయిన నాటినుంచీ చేపల గంప నెత్తిన పెట్టుకుని పోర్టు క్వార్టర్లన్నీ తిరిగిన మనిషి చిలకమ్మ. ఒకరోజు పొద్దున్న మెడ ఎటు తిప్పుదామన్నా తిరగలేదు. ఇక నెత్తిన బరువు పెడితే మంచాన పడతావని పెద్దాసుపత్రి డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఆ నెలలోనే, కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో పనికొచ్చిన ఇంజనీరు ఒకాయన భార్య, పుట్టింట్లో పెళ్ళికి వెళ్ళాలి, ఈ బొచ్చుకుక్కని ఎవరి దగ్గర వదలనూ అని తల పట్టుకుని కూర్చుంది. "నా కాడ వొగ్గీండమ్మా, సూసుకుంతాను" అంది చిలకమ్మ.

పది రోజుల తర్వాత ఆ ఇల్లాలు తన కుక్కని తనే గుర్తుపట్టలేదు. కుంకుడురసంతో తలంటు, వేపనూనె, చెవుల వెనక గోమార్లన్నీ ఒక్కొక్కటిగా ఏరివేత, గోళ్ళు కత్తిరింపు, పైన పేలదువ్వెనతో దువ్వుడు. కన్నకూతురికి కూడా చిలకమ్మ అంత ఓపిగ్గా జడ వెయ్యలేదని పక్కింటి పోతమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అక్కణ్ణుంచి ఒకరి తర్వాత ఒకరు. ఏడాది తిరిగేసరికి చిలకమ్మ వసారాలో రెండు మూడు కుక్కలు లేని రోజు లేదు. వాటికి తిండికి లోటేముంది, గుమ్మంలోనే సముద్రం.

అయితే క్వార్టర్లలో ఒక గేటు దగ్గర చిలకమ్మ గంప ఎన్నడూ దిగలేదు. అది గురునాథరావుగారిల్లు. గోదావరి జిల్లానుంచి వచ్చి పోర్టు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేస్తున్నాడాయన. భార్య కామేశ్వరమ్మ సాయంత్రం భజనలకి పెద్దదిక్కు. ఆ వీధిలో చేపలమ్మి అరుపు వినపడితే కిటికీ తలుపులు వేసేసేది. అలాంటిది ఆవిడే కబురు పెట్టేసరికి చిలకమ్మ చేతిలో పని వదిలేసి బయల్దేరింది. కామేశ్వరమ్మ ఊ అంటే క్వార్టర్లలో ముప్పై ఇళ్ళు ఊ అంటాయి. ఉహూ అంటే ఆ ముప్పై గేట్లూ మూతపడతాయి.

వరండాలో తెల్లగా, దూదిపింజలా ఒక పిల్లి పడుకుని ఉంది. పేరు వెన్నమ్మ. కొత్తవాళ్ళు కనబడితే రక్కేస్తుందని ప్రసిద్ధి. అది లేచి వచ్చి, మెట్టు మీద కూర్చున్న చిలకమ్మ చీరకొంగు రెండుసార్లు వాసన చూసి, తిన్నగా ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

కామేశ్వరమ్మ కళ్ళు చెమర్చాయి. "చూశారటండీ, ఏ జన్మ రుణానుబంధమో" అంది మొగుడితో. ఏ చేప రుణానుబంధమో చిలకమ్మకి తెలుసు. గురునాథరావు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

"ఇదిగో చిలకమ్మా, మేం కాశీ వెళ్తున్నాం. ఇరవై రోజులు. మా వెన్నమ్మకి పుట్టి బుద్ధెరిగాక పెరుగన్నం తప్ప మరోటి తెలీదు. నీసు తగలకూడదు. నీసు వండిన గిన్నె కూడా దాని దరికి రాకూడదు. మాటివ్వగలవా?"

"పోలమ్మ తల్లి మీద ఒట్టు అమ్మగోరూ. మీ ఇంట్లో ఎలగుంటాదో నా ఇంట్లోనూ అలగే ఉంటాది."

ఆ తల్లి పేరు ఎత్తాక జాలరిపేటలో ఇక వెనక్కి పోవడం ఉండదు. చిలకమ్మ ఇంటికొచ్చి ముందు కుక్కల్ని ఎవరివి వాళ్ళకి అప్పగించింది. ఆ ఇరవై రోజులూ ఇంకెవర్నీ చేర్చుకోనంది. తర్వాత దూలానికి వేలాడే ఎండుచేపల దండలన్నీ తీసి పోతమ్మ ఇంట్లో పడేసింది. కూరకుండలు వీధిలో పెట్టేసింది. కొత్త కుండ కొంది. ఇల్లంతా పసుపునీళ్ళు చల్లి, సముద్రం వైపు కిటికీకి గోనెపట్టా కట్టి, సాంబ్రాణి వేసింది. అబ్బులు వేటనుంచి వచ్చేసరికి గుమ్మంలో బిందెడు నీళ్ళు, సబ్బుబిళ్ళ పెట్టి కూర్చుంది.

"తానం సేసి రా మావా. వల ఒడ్డు మీదే ఒగ్గీ. ఈ ఇరవై రోజులూ మనింట్లో సేప నేదు."

అబ్బులు ఇంట్లోకి తొంగిచూశాడు. పీట మీద పాత చీర మడత, దాని మీద వెన్నమ్మ.

"ఏటే, పిల్లి మాలేసుకున్నాదేటి?" అన్నాడు.

మర్నాడు పేటంతా అదే మాట. చిలకమ్మ ఇంట్లో పిల్లి మాల వేసుకుందట, ఇల్లంతా దీక్షలో ఉందట. పిల్లలు గుమ్మం ముందునుంచి వెళ్తూ దణ్ణాలు పెట్టారు. అబ్బులు రెండు రోజులు పప్పుచారు మింగి, మూడోనాడు అప్పగారి ఇంటికి భోజనానికి మకాం మార్చాడు. చిలకమ్మకి మాత్రం నవ్వులాటగా లేదు. ఎందుకంటే పిల్లి ఏమీ తినడం లేదు.

గేదెపాలు తోడేసి, కమ్మటి పెరుగు కలిపి, అన్నం మెత్తగా పిసికి పెట్టింది. వెన్నమ్మ చూసి ముఖం తిప్పుకుంది. నెయ్యి వేసింది. గిన్నె మార్చింది. పక్కన కూర్చుని తనూ అదే పెరుగన్నం తిని చూపించింది. పిల్లి గోనెపట్టా కింద చేరి, సందులోంచి వచ్చే సముద్రపు గాలికి ముక్కు పెట్టి పడుకుంది. బెంగపెట్టుకుందేమో అని చిలకమ్మ ఒళ్ళో వేసుకుని దువ్వింది. దువ్వెనకి వెంట్రుకలు గుప్పెడు వచ్చాయి. మూడోనాటికి అది తల ఎత్తడం కూడా మానేసింది.

పోతమ్మ వచ్చి చూసి పెదవి విరిచింది. "ఒదినా, ఇది సచ్చిపోతాది. ఒక్క సేపముక్క పెట్టీ. ఎవులు సూడొచ్చేరు?"

"తల్లి సూడదా?" అంది చిలకమ్మ.

పోతమ్మ వెళ్ళిపోయాక పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది. ఒట్టు నిలబెట్టుకుంటే పిల్లి దక్కదు. ఒట్టు తప్పితే తల్లి ముందు తప్పు, కామేశ్వరమ్మ ముందు తప్పు. ముప్పై గేట్లు పోతాయి, అవి పోతే మళ్ళీ గంప తప్పదు. చెయ్యి దానంతటదే మెడ మీదకి పోయింది. ఒళ్ళో పిల్లి డొక్కలు చేతికి తగులుతున్నాయి. చిలకమ్మకి ఏడుపొచ్చింది.

లేచి దీపం పెట్టింది. "తల్లీ, మాట తప్పుతన్నాను. దాసిపెట్టను. ఆయమ్మ బండి దిగి రాగానే నా నోటితో నానే సెప్పీసుకుంతాను. ఆపైన నీ ఇట్టం" అని చెంపలు వేసుకుంది. పోతమ్మ ఇంటినుంచి ఒక కానాగంత చేప తెచ్చి, ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, ఆకులో వేసి పిల్లి ముందు పెట్టింది.

వెన్నమ్మ కళ్ళు తెరిచింది. లేచి కూర్చుంది. కానీ చేప మీద పడలేదు. చేపని చూసింది, చిలకమ్మని చూసింది. ముందరికాలు ఎత్తి చిలకమ్మ మణికట్టు మీద పెట్టి, మ్యావ్ అంది.

చిలకమ్మకి మొదట అర్థం కాలేదు. వేళ్ళతో చేపని విప్పి, నడిముల్లు లాగేసి, కండ విడదీసింది. అప్పుడు తింది పిల్లి, ముక్క తర్వాత ముక్క, తొందర లేకుండా, విస్తరి ముందు కూర్చున్న పెళ్ళివారిలాగా. ఇరవై ఏళ్ళు చేపలమ్మిన మనిషి చిలకమ్మ. చేపని ఎవరెలా తింటారో చూస్తే వాళ్ళ ఇల్లు చెప్పగలదు.

"ఓలమ్మ, నీకు ముల్లు తీసి పెట్టినోలెవులే?" అంది బుగ్గన చెయ్యి పెట్టుకుని.

పిల్లి మీసాలు నాక్కుంది.

మిగిలిన పదిహేడు రోజులూ ఆ ఇంట్లో చేప ఉడికింది పిల్లికి మాత్రమే. చిలకమ్మ పప్పుచారే తింది. ఒట్టు విరిగింది పిల్లి ప్రాణం కోసం, తన నాలుక కోసం కాదని తల్లికి తెలియాలి కదా. వెన్నమ్మ నిగనిగలాడింది. రోజు విడిచి రోజు పొడి సున్నిపిండి రాసి దువ్వుతుంటే తల వాల్చి నిద్రపోయేది. పిల్లికి ఇంత సుఖం పట్టడం అబ్బులు జీవితంలో చూడలేదు. "వొచ్చే జల్మలో నాను నీ ఓటల్లో పిల్లిగా దిగుతాను" అన్నాడు గుమ్మంలో నిలబడి, అప్పగారింటినుంచి చేతులు కడుక్కుని వచ్చి.

దంపతులు కాశీనుంచి వచ్చిన మర్నాడు చిలకమ్మ పిల్లిని బుట్టలో పెట్టుకుని క్వార్టర్లకి వెళ్ళింది. కామేశ్వరమ్మ బుట్ట మూత తీసి నోరు తెరిచింది.

"అమ్మ నా తల్లీ, ఎంత బొద్దుగా తయారయ్యావే. ఏవండీ, చూశారా? నా చేతి పెరుగన్నంతో ఏనాడైనా ఇలా ఉందా? చిలకమ్మా, భజనలో అందరికీ చెప్తాను. నీ చేతిలో ఏదో ఉందే."

ఎంత తీయటి మాట అది. ఊరుకుంటే చాలు, ముప్పై గేట్లు తెరుచుకుంటాయి. దీపం పెట్టి అన్న మాట గుర్తొచ్చింది.

"అమ్మగోరూ, నాను మాట తప్పినాను."

కామేశ్వరమ్మ వెనక నిలబడ్డ గురునాథరావు ముఖం పాలిపోయింది. భార్య భుజం మీదుగా వద్దు వద్దని చెయ్యి ఊపాడు. సరిగ్గా అప్పుడే వెన్నమ్మ బుట్టలోంచి దూకి, తిన్నగా వెళ్ళి, బల్ల మీదున్న ఆయన ఆఫీసు క్యారియరు కింది గిన్నె మీద ముందరికాలు ఆనించి, ఆయన్ని చూసి మ్యావ్ అంది.

చిలకమ్మకి అంతా తెలిసిపోయింది. ముల్లు తీసిన చెయ్యి ఎదురుగానే ఊగుతోంది. ఒక్క మాటంటే తన తప్పు సగమైపోతుంది. అయినా ఒకరి కాపురంలో చెయ్యిపెట్టే మనిషి కాదామె.

"మూడు రోజులు పచ్చి మంచినీల్లు ముట్టనేదమ్మా. సచ్చిపోతాదని సేప పెట్టినాను. మూడోనాటి నుండి రోజూ పెట్టినాను. తప్పు నాదే. ఇంకెవులిదీ కాదు."

కామేశ్వరమ్మ ముఖం ఎర్రబడింది. "పోలమ్మ మీద ఒట్టేశావే. నేను నిన్ను నమ్మి..." ఆవిడ గేటు వైపు చెయ్యి చూపించింది. "వెళ్ళు. ఈ వీధిలో మళ్ళీ కనబడకు."

చిలకమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగింది. బుట్ట తేలికే. మెడే బరువుగా ఉంది. గేటు గడియ మీద చెయ్యి వేసింది.

"కామూ, ఆగు" అన్నాడు గురునాథరావు వెనకనుంచి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన గొంతు అంత పెద్దగా ఎవరూ విని ఉండరు. "చిలకమ్మనేమీ అనకు. పిల్లికి చేప అలవాటు చేసింది నేనే. ఐదేళ్ళయింది. నువ్వు భజనకి వెళ్ళగానే పెరట్లో పెడతాను. మా క్యాంటీన్లో చేస్తారు."

"మరి నా పెరుగన్నం?"

"కాకులకి."

కామేశ్వరమ్మ అరుగు మీద కూలబడింది. చెప్పడం మొదలుపెట్టాక ఆయనకి ధైర్యం ఎక్కువైంది. "ఊరికే పడెయ్యననుకో. గొంతులో గుచ్చుకుంటుందని ముల్లు కూడా ఒక్కొక్కటీ తీసి మరీ పెడతాను."

కామేశ్వరమ్మ నెమ్మదిగా తల ఎత్తింది.

"ముల్లు తీయడం మీకెలా వచ్చు?"

గురునాథరావు పేపరు కోసం చుట్టూ చూశాడు. గేటు దగ్గర చిలకమ్మ నేల చూపులు చూసింది. ముల్లు తీయడం తిన్నవాళ్ళకి తప్ప రాదు. ఈ సంగతి గోదావరిలోనైనా ఒకటే, విశాఖపట్నంలోనైనా ఒకటే. వెన్నమ్మ ఒక్కటే ఏమీ ఎరగనట్టు ఇద్దరి మధ్యా పడుకుని ఒళ్ళు నాక్కుంటోంది.

కామేశ్వరమ్మ లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ కొంగు చాటున ఆవిడ ఏడ్చిందో నవ్విందో చిలకమ్మకి కనబడలేదు.

"చిలకమ్మా, ఇలా రా" అంది. "నిజం చెప్పినందుకు నిన్ను పొమ్మన్నాను. ఐదేళ్ళు దాచిన మనిషికి ఇంట్లో వడ్డిస్తున్నాను. నాదే బుద్ధి తక్కువ. భజనలో చెప్తానన్న మాట చెప్తాను, అందులో మార్పు లేదు."

"నీకు దణ్ణం తల్లీ" అంది చిలకమ్మ. ఆ తల్లి కామేశ్వరమ్మో, పోలమ్మో ఆ క్షణంలో ఆమెకే తెలియదు.

"అయితే ఈ ఇంటి గడపలోకి నీసు రావడానికి వీల్లేదు. ఆదివారం ఆదివారం పిల్లిని నీ దగ్గరికి పంపిస్తాను. తలంటు పొయ్యి, దువ్వు, నీ ఇష్టం వచ్చింది పెట్టుకో. బుట్ట మోసుకుని ఈయనే వస్తారు." కామేశ్వరమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసి, లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "తిరిగి పంపించేటప్పుడు మాత్రం మూతి శుభ్రంగా కడిగి పంపించు. ఇద్దరికీ."