పార్కింగ్ దాటి లోపలికి

మా ఆయన ఊరికే వచ్చే ఇస్త్రీపెట్టె కోసం వెళ్ళి పాతికేళ్ళ సెలవులు కొనుక్కొచ్చిన మనిషి. మీటింగుకు వచ్చి కూర్చుంటే చాలు, బహుమతి ఇస్తామన్నారట. అక్కడ టై కట్టుకున్న కుర్రాడొకడు సముద్రం ఫోటోలూ కొండల ఫోటోలూ చూపించి, ఏటా మీ ఖాతాలో పాయింట్లు పడతాయి, వాటితో మా క్లబ్బు హోటళ్ళలో ఎక్కడైనా ఉండొచ్చు అన్నాడట. ఈయన సంతకం పెట్టేసి, ఇస్త్రీపెట్టె చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఇస్త్రీపెట్టె ఆర్నెల్లకే కాలిపోయింది. పాయింట్లు మాత్రం ఏటా పడుతూనే ఉన్నాయి.

వాటిని వాడమంటే ఆయనకు ప్రాణం మీదికొస్తుంది. పెద్ద ట్రిప్పుకు దాచాలంటాడు. ఆ పెద్ద ట్రిప్పు ఎక్కడికో, ఎప్పుడో ఇంతవరకు నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. గడువు దాటిన పాయింట్లు ఏడాది చివర మురిగిపోతాయి. ఆ రోజు పొద్దున్నే ఫోనులో మెసేజీ చూసుకుని, ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు ముఖం వేలాడేసుకుని కూర్చుంటాడు.

నేను పనిచేసేది ట్రావెల్స్ ఆఫీసులో. ఫోన్లు ఎత్తడం, ఏ బస్సు ఎటు వెళ్ళాలో, ఎవరు నడపాలో చెప్పడం నా పని. నా నోరు కాస్త పెద్దదే. డ్రైవర్లు నా ఎదట నిలబడి సెలవు అడగరు, ఫోన్లో అడుగుతారు. నాకు భయపడనిది ఒక్కతే, డ్రైవరు వదిన. మా దగ్గర బస్సు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కర్తే. పొట్టిగా ఉంటుంది, సీటు మీద దిండు వేసుకుని కూర్చుంటుంది. అవసరం లేకుండా హారన్ కొట్టదు, అవసరం లేకుండా మాట్లాడదు. నేను వదినా అంటే తనూ వదినా అంటుంది. మా ఆయన్ని అన్నయ్యా అంటుంది. ఇంట్లో ఆమె, కూతురు, ఇద్దరే.

స్కూలు పిల్లల్నీ ఆఫీసుల వాళ్ళనీ థీమ్ పార్కుకు తీసుకెళ్ళే బస్సు ఎప్పుడూ ఆమెదే. ఎన్ని వందల మందిని ఆ గేటు దగ్గర దింపిందో లెక్కే లేదు. తను మాత్రం ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. అందరి బ్యాగులూ బస్సులోనే ఉంటాయి కాబట్టి డ్రైవరు బస్సు వదిలి వెళ్ళకూడదు. అది మా కంపెనీ రూలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పార్కింగులో కూర్చుని, గోడ మీదుగా కనిపించే జెయింట్ వీల్ పై సగం చూస్తూ ఉంటుంది.

ఒకసారి సెలవుల్లో కూతుర్ని ఎవరి దగ్గరా వదలలేక వెంట తీసుకెళ్ళిందట. పిల్ల వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని రోజంతా ఆ చక్రాన్నే చూసిందట. తిరిగొచ్చేటప్పుడు మనం లోపలికి ఎప్పుడు వెళ్దామమ్మా అని అడిగితే, వచ్చేసారి అందట ఈవిడ. ఆ తర్వాత పార్కు డ్యూటీ పడ్డప్పుడల్లా పిల్ల అడిగేదట, ఈవిడ అదే మాట చెప్పేదట. ఇదంతా ఆఫీసు మెట్ల మీద టీ తాగుతూ చెప్పి, నవ్వుతూ అంది:

"పెద్దదైపోయింది వదినా. ఇప్పుడు అడగడం మానేసింది."

పిల్ల అడుగుతున్నన్నాళ్ళూ ఇంకా ఆశ ఉన్నట్టు. అడగడం మానేసిందంటే అమ్మ చెప్పేది జరగదని దానికి అర్థమైపోయినట్టు. ఆ మాట ఈవిడ నవ్వుతూ చెప్పడం నాకు మరీ మండింది. ఆ మెట్ల మీదే నిర్ణయించుకున్నాను. ఈసారి పాయింట్లు మురిగిపోవు.

ఆ పార్కుకు ఆనుకుని ఉన్న హోటలు కూడా మా క్లబ్బుదే. అక్కడ గది తీసుకున్నవాళ్ళకు చేతికి ఒక పట్టీ కడతారు. ఆ పట్టీ ఉంటే హోటల్లోంచే నేరుగా పార్కులోకి వెళ్ళొచ్చు, వేరే టికెట్టు అక్కర్లేదు. పాయింట్లను స్నేహితులకు బహుమతిగా ఇవ్వొచ్చు కూడా. గది మెంబరు పేరనే ఉంటుంది, వచ్చేదెవరో చెబితే సరిపోతుంది. మా ఆయనతో ఈ సంగతి చెప్పగానే, ఎవరికో మనమెందుకు ఇవ్వాలి, పెద్ద ట్రిప్పు మాటేమిటి అని మొదలుపెట్టాడు. ఆ పెద్ద ట్రిప్పు ఎక్కడికో ఇప్పుడే చెబితే నేనూ పెట్టె సర్దుకుంటానన్నాను. చివరికి పాయింట్లు వాడడానికి తన ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరును, కిడ్నీ దానం చేస్తున్నంత ముఖం పెట్టి చదివి వినిపించాడు.

డ్రైవరు వదిన్ని ఒప్పించడం అంతకంటే కష్టమైంది. ఊరికే తీసుకోనంది. ఊరికే కాదు, మురిగిపోయేవి అన్నాను. మురిగిపోతే పోనీ, నాకలవాటు లేదంది. మాటలతో పని కాదని నాకు తెలిసిపోయింది. శని, ఆదివారాలు ఆమెకు డ్యూటీ వెయ్యలేదు. శుక్రవారం సాయంత్రం బోర్డు చూసుకుని, నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నా బస్సు వేరేవాళ్ళకిచ్చావా?"

"ఇచ్చాను. రెండ్రోజులు నీకు పని లేదు."

"ఇంట్లో కూర్చుంటాను."

"కూర్చో. పిల్లని కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఇద్దరూ గోడ చూస్తూ కూర్చోండి. మీకు అలవాటేగా."

చాలా కటువుగా అన్నానని నాకు తెలుసు. ఆమె ముఖం ఎర్రబడింది. బస్సు తాళాలు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి ఫోన్ చేసి, పిల్లకు చెప్పాను, ఎన్ని గంటలకు బయల్దేరాలి అని మాత్రం అడిగింది.

మర్నాడు పార్కుకు వెళ్ళే మా స్కూలు బస్సులోనే ఇద్దర్నీ ఎక్కించాను. ఆమెను ప్రయాణికురాలిగా కూర్చోబెట్టడమే పెద్ద పని. దారి పొడుగునా బ్రేకు తొందరగా వేస్తున్నావని, ఆ లారీని ఇప్పుడు దాటొద్దని చెబుతూ తన ప్రాణం తీసిందని ఆ బస్సు నడిపినవాడు తర్వాత నాతో మొరపెట్టుకున్నాడు. పిల్ల మాత్రం కొత్త చెప్పులు వేసుకుని, కిటికీ పక్కన నోరు మెదపకుండా కూర్చుందట. నిజంగానే లోపలికి వెళ్తామని దానికి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.

సాయంత్రం మా ఆయన టీవీ చూస్తుంటే, నేను కూరలు తరుగుతూ కూర్చున్నాను. డ్రైవరు వదిన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గొంతులో సంతోషం వినిపించింది.

"గది చాలా బాగుంది వదినా. మంచం మీద మంచం. పిల్ల పైకెక్కి దిగనంటోంది. పక్కనే వంటగది, భోజనం వేడివేడిగా పెట్టారు. మాతో ఉన్న అమ్మాయిలు కూడా మంచివాళ్ళే."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "ఏ అమ్మాయిలు?"

"గదులు తుడిచే అమ్మాయిలు. వాళ్ళ గదేగా ఇది."

"చేతికి పట్టీలు కట్టారా?"

"అడిగాను. మెంబరు గారు వచ్చాక కడతామన్నారు. మీరు కూడా వస్తున్నారా? ముందే చెప్పొచ్చుగా."

ఎక్కడ తప్పు జరిగిందో ఆలోచిస్తే తెలిసింది. హోటలుకు ఫోన్ చేసినప్పుడు వచ్చేదెవరు అని వాళ్ళు అడిగారు. ఇన్నేళ్ళుగా హోటళ్ళకు ఫోన్ చేసి చేసి నా నోటికి ఒకే మాట అలవాటు. "మా డ్రైవరు వస్తుంది, కూతురు కూడా వస్తుంది, పడకా భోజనం బాగా చూడండి" అన్నాను. మా ట్రావెల్స్ భాషలో ఆ మాటకు ఒకటే అర్థం. ముందు డ్రైవరు వచ్చి పనివాళ్ళ దగ్గర పడుకుంటుంది, గదిలో దిగే పెద్దవాళ్ళు వెనక వస్తారు. వాళ్ళూ అలాగే రాసుకున్నారు. ఈవిడేమో డ్రైవర్లు వెళ్ళే వెనక గేటులోంచి వెళ్ళి, ట్రావెల్స్ నుంచి వచ్చామని చెప్పింది. ఇంకేముంది, మెంబరు గారి కోసం మంచి గది తాళం వేసి ఉంచి, తల్లీకూతుళ్ళను పనివాళ్ళ గదిలో పడేశారు. నా నోరు నేను కుట్టేసుకోవాలనిపించింది. కానీ ముందు దానితో ఇంకో పని ఉంది.

సంగతి చెప్పి, లేచి ముందు హాల్లోకి వెళ్ళి గది అడగమన్నాను. ఆవిడ కదల్లేదు.

"పడకలు వేసేశారు వదినా. ఒక్క రాత్రికి ఏముంది? ఇప్పుడు వెళ్ళి గొడవపడితే బాగుండదు. మళ్ళీ వారం బస్సుతో వచ్చేదాన్ని నేనేగా. రేపు పార్కు గోడ చుట్టూ తిప్పి, బయట్నుంచి చక్రం చూపిస్తాలే."

"బయట్నుంచా?"

ఆ మాట పైమంచం మీదున్న పిల్ల వినే ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. ఆవిడకూ తట్టినట్టుంది, గొంతు తగ్గించి ఏం చెయ్యమంటావు అంది.

"నువ్వు గొడవపడక్కర్లేదు. సంచీలు తీసుకుని, వెనక నుంచి కాకుండా ముందు నుంచి లోపలికి వెళ్ళు. హాల్లో సోఫా ఉంటుంది, దాని మీద కూర్చో. నిలబడితే ఊరుకోను. మిగతాది మేం చూసుకుంటాం," అన్నాను.

మేం అన్నాను గానీ, హోటలు వాళ్ళు నా మాట చెవిన పెట్టలేదు. మెంబరు గారు మాట్లాడాలట. నేను ఎంత గొంతు పెంచితే అవతలి అమ్మాయి అంత మర్యాదగా అదే మాట చెప్పింది. టీవీ ఆపేసి, ఫోను మా ఆయన చేతిలో పెట్టాను. ఈయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. కూరగాయల బండి దగ్గర కూడా నా వెనకే నిలబడతాడు. ఇక కాసేపు నత్తి నత్తిగా మాట్లాడి, పోనీలే అని పెట్టేస్తాడనే అనుకున్నాను.

జరిగింది విని, తను లేచి నిలబడ్డాడు. ముందు పాయింట్ల మీదే వచ్చింది కోపం. తన పాయింట్లు తీసుకుని పనివాళ్ళ గది ఇస్తారా అని అడిగాడు. అవతలి అమ్మాయి ఏదో చెప్పింది. డ్రైవరు అన్నారు కదా సార్ అని ఉంటుంది. ఈయన, పెళ్ళయినప్పట్నుంచి నేనెప్పుడూ వినని గొంతుతో అన్నాడు:

"డ్రైవరే. బస్సు నడుపుతుంది. వచ్చింది మాత్రం మా చెల్లెలు. ఆ పిల్ల నా మేనకోడలు. మెంబరు గారు వచ్చాక అన్నారుగా, వాళ్ళు వచ్చి మీ సోఫాలో కూర్చున్నారు. మీరే వెళ్ళి ఆ సంచీలు అందుకోండి."

ఫోను పెట్టేసి, కుర్చీలో కూలబడ్డాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మంచినీళ్ళు ఇచ్చాను. గటగటా తాగేసి, గదిలోంచి చక్రం కనిపించేలా ఉండాలని చెప్పడం మర్చిపోయాను, మళ్ళీ చెయ్యనా అని అడిగాడు. చెయ్యమన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మా ఫోను మోగింది. డ్రైవరు వదిన నంబరే గానీ మాట్లాడింది పిల్ల. గాలి చప్పుడుకు సగం మాటలు వినబడలేదు. మా ఆయన కూడా వినేలా స్పీకరు పెట్టాను.

"అత్తా, మావయ్యా, మేం చక్రంలో ఉన్నాం. పైన ఆగింది. ఇక్కణ్ణుంచి పార్కింగు కనిపిస్తోంది. అమ్మ బస్సు ఆపే చోటు కూడా."

"అమ్మేం చేస్తోంది?" అన్నాను.

"అటే చూస్తోంది." గాలి చప్పుడు మధ్యలో మళ్ళీ పిల్ల గొంతు వినిపించింది. "ఇంత చిన్న చోటా అంది."

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఇంతలో ఫోను చేతులు మారింది. డ్రైవరు వదిన మాట మొదలుపెట్టేలోపే కూతురు ఏదో అడగడం వినిపించింది. పిల్ల అడగడం మానెయ్యలేదన్నమాట. దిగాక మళ్ళీ ఎక్కుదామా అమ్మా అంటోంది.

ఆవిడ జవాబు మాకు స్పష్టంగా వినబడింది. వచ్చేసారి అనలేదు.

"ఎక్కుదాం," అంది.