పదిమందిలో ఒకడు

"పదిమందిని నీ చేతిలో పెడుతున్నా. అందులో ఒకడు నా మనిషి. నువ్వెలా నడిపిస్తున్నావో నాకు చెబుతాడు," అన్నాడు శిక్షకుడు, నాయకత్వ కోర్సు చివరి పరీక్ష రోజు పొద్దున్నే. పరీక్షకి నిలబడ్డ పొడుగాయన "సరే సార్" అన్నాడు గానీ, ఆ మాట చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది.

మ్యాపు చూసుకుంటూ కొండ దాటి, మధ్యాహ్నం రెండింటికల్లా వంతెన చేరాలి. అంతే పరీక్ష. వెనక నడిచేవాళ్ల చూపులు వీపుకి గుచ్చుకుంటున్నట్టనిపించి, పొడుగాయన గంటలో రెండుసార్లు దారి మార్చాడు. అప్పుడే వైర్‌లెస్ మోసేవాడు చిన్న పుస్తకంలో ఏదో గీకుతూ కంటపడ్డాడు. పొడుగాయన చూడగానే దాన్ని జేబులో దోపేశాడు. ఇంకేముంది, వీడే.

పొడుగాయన వైర్‌లెస్ లాక్కుని ఇంకొకడి భుజానికి తగిలించి, పుస్తకం వాణ్ణి వరసలో చివరికి పంపేశాడు. కొత్తవాడికి దాని మీటలు తెలియవు. ముందు దారిలో కొండచరియ విరిగిపడిందని క్యాంపు చెప్పిన కబురు ఎవరి చెవినా పడలేదు. రాళ్లగుట్ట దాకా ఎక్కి, అందరూ ఉసూరుమంటూ వెనక్కి దిగారు. రెండు గంటలు మట్టికొట్టుకుపోయాయి.

"ఆ పుస్తకం ఇటివ్వు," అన్నాడు పొడుగాయన, చివర్న నిలబడ్డవాడి దగ్గరికెళ్లి.

వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు. '8.10 ఎడమ దారి. 8.25 కుడి. 8.40 మళ్లీ ఎడమ.'

"ఎవరి కోసం రాస్తున్నావు?"

"నా కోసమే అన్నా. ఇప్పుడు ఏ దారి ఖాయమని వెనకవాళ్లు నన్నడుగుతున్నారు. నువ్వేమో గడియకోమాట. గుర్తుండి చావక రాసుకుంటున్నా."

నిజమో అబద్ధమో తేలలేదు. ఒంటరిగా ఈ బరువు మోయలేనని మాత్రం తేలింది. పొడుగాయన అందర్నీ కూర్చోబెట్టి, శిక్షకుడు అన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పొద్దుట్నుంచీ మిమ్మల్ని కాపలా కాశానే గానీ నడిపించలేదు. తప్పు నాదే. ఇకనుంచి మాట ఒక్కసారే చెబుతా. నచ్చకపోతే మొహమ్మీదే అనండి."

వైర్‌లెస్ మళ్లీ వాడి భుజానికే వెళ్లింది. వంతెన చేరేసరికి మూడయింది.

"తప్పావు," అన్నాడు శిక్షకుడు. "వచ్చే నెల మళ్లీ రావాలి. మనుషుల్ని నువ్వే ఎంచుకో."

"వీళ్లనే ఇవ్వండి సార్," అన్నాడు పొడుగాయన. "పదిమందినీ."