మీ ఇష్టం సార్

చెల్లెలు నాన్నమ్మను గోడవైపు తిప్పి, నడుం కింద తడిసిన దుప్పటిని చుట్టి లాగుతుండగా గుమ్మం దగ్గర నిలబడి అన్నయ్య చెప్పాడు.

"జీతం ఎంత కావాలని అడిగితే, మీ ఇష్టం సార్ అను. మొదటి ఉద్యోగానికే బేరాలాడితే బాగుండదు."

చెప్పి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఆ గదిలోకి అతను గుమ్మం దాటి రాడు. నాన్నమ్మంటే ప్రేమ లేక కాదు, ఆ స్థితిలో ఆవిడను చూడలేడట. ఈ చూడలేకపోవడమనేది ఆ ఇంట్లో అతనొక్కడికే వచ్చిన సుకుమారపు జబ్బు. మిగిలిన ఇద్దరికీ కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి గనక చూస్తున్నారు. అందులో అమ్మ పొద్దున్నే కుట్టుమిషన్ల యూనిట్‌కు వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు గానీ రాదు. ఇక మిగిలింది చిన్నది.

ఆమెకు వేరే పేరుంది గానీ ఇంట్లో ఎవరూ పిలవరు. ఇరవై రెండేళ్ళు వచ్చి, బీకాం ఫస్ట్ క్లాసులో పాసై, ఇంటి చాకిరీ అంతా నెత్తిన వేసుకున్నా ఇంకా చిన్నదే. నాన్న చనిపోయిన ఏడాదే నాన్నమ్మ మంచం పట్టింది. అప్పటికి చిన్నది కాలేజీలో చేరి నెల కూడా కాలేదు. పగటి క్లాసులు మానిపించి సాయంత్రం బ్యాచ్‌కు మార్పించారు. తనను ఎవరూ అడగలేదు. అడిగినా ఏమనేది, మీ ఇష్టం అనేది. ఆ మాట చిన్నప్పటి నుంచీ నాలుక చివరే ఉంటుంది, ఎవరు ఏది అడిగినా ముందు అదే దూకుతుంది.

అన్నయ్య చెయ్యెత్తి కొట్టే మనిషి కాదు. బయటివాళ్ళెవరైనా చూస్తే బంగారం అంటారు. నచ్చని మాట వినబడితే కంచం ముందు నుంచి లేచిపోతాడు, అంతే. తర్వాత మాట్లాడడు. ఇంట్లో తలుపులు మెల్లగా వేసుకోవాలి, గిన్నెలు చప్పుడు కాకుండా దించుకోవాలి, అమ్మ వంటింట్లోకి వచ్చి గుసగుసగా, "నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది" అంటుంది. అలా ఎన్ని రోజులైనా సాగుతుంది. చివరికి చిన్నది వెళ్ళి, తప్పేమిటో తెలియకపోయినా, తప్పయిపోయిందని చెబితే గానీ ఆ ఇంట్లో గాలి ఆడదు. కొట్టినా బాగుండును అని ఆమెకు చాలాసార్లు అనిపించింది. దెబ్బకు ఒక చివరంటూ ఉంటుంది కదా.

ఇంటర్వ్యూ పైపులు, కుళాయిలు అమ్మే టోకు దుకాణంలో. లెక్కలు చూసుకునే అమ్మాయి కావాలన్నారు. కాలేజీలో సీనియర్ అయిన ఒక అక్క, బట్టల హోల్‌సేల్‌లో అకౌంట్స్ చూస్తోంది, ఫోన్లో గట్టిగానే క్లాసు పీకింది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకే పన్నెండు ఇస్తున్నారు, అంతకు తగ్గితే నిన్ను వాడుకుంటున్నట్టే లెక్క, అంకె చెప్పి ఇంకేం మాట్లాడకు అంది. గిన్నెలు తోముతూ చిన్నది ఆ అంకెను అనుకుంటూనే ఉంది. పన్నెండు వేలు సార్. పన్నెండు వేలండీ. పన్నెండు వేలు ఇప్పించండి. మూడోది అడుక్కుంటున్నట్టుందని తీసేసింది.

దుకాణం వెనకాల అద్దాల గది. ఓనరుగారు పెద్దవయసు మనిషి, కసురుకునే రకం కూడా కాదు, కూర్చోమని టీ తెప్పించాడు. పాత నెల బ్యాంకు స్టేట్‌మెంటు, బిల్లుల కట్ట ముందు పడేసి సరిచూడమన్నాడు. ఆ కాసేపు చిన్నదానికి భయమే లేదు. అంకెలతో ఆమెకెప్పుడూ పేచీ లేదు. అవి కోపగించుకుని లేచిపోవు. తేడా ఎక్కడొచ్చిందో గుర్తుపెట్టి కాగితం ఆయన ముందుకు తోసింది. ఆయన చూసి, తల ఊపి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పని వచ్చు నీకు. మరి జీతం ఎంత అనుకుంటున్నావమ్మా?"

పన్నెండు అన్న మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.  ఎదురుగా ఉన్న మనిషి ముఖం కాస్త బిగుసుకుంటుందేమో, ఆ బిగువు చూడాల్సి వస్తుందేమోనన్న భయం తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. నోరు దానంతటది తెరుచుకుంది.

"మీ ఇష్టం సార్."

ఆయన ముఖం వికసించింది. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలెక్కడున్నారన్నాడు. నా కూతురులాంటి దానివి అన్నాడు. కూతురులాంటి దానికి ఏడు వేలు ఖాయం చేశాడు. చిన్నది థాంక్యూ సార్ అని కూడా చెప్పి బయటికొచ్చింది. బస్టాపు దగ్గరికి వచ్చాక ఆ థాంక్యూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

పగలు నాన్నమ్మ దగ్గర ఉండటానికి ఆయా కావాలి కదా. మర్నాడు సాయంత్రం అమ్మ ఒకావిడను పిలిపించింది. ఆవిడ నాన్నమ్మను చూసి, దుప్పట్లు చూసి, బాత్రూం ఎంత దూరమో చూసి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎనిమిదిన్నర వేలంది. అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ముసలావిడను కనిపెట్టుకుని ఉండటానికి అంతా అని దీర్ఘం తీసింది. ఆవిడేం నొచ్చుకోలేదు. లేపి కూర్చోబెట్టాలి, ఒళ్ళు తుడవాలి, పుండ్లు పడకుండా గంటగంటకూ తిప్పాలి, అన్నం తినిపించాలి, మందులెయ్యాలి, పక్కబట్టలుతకాలి, మనిషిని ఎత్తీ ఎత్తీ నా నడుం పోతుంది, అందులో ఏది మానమంటారో చెప్పండి, ఆ మేరకు తగ్గించుకుంటాను అంది.

వంటింట్లో గిన్నె కడుగుతున్న చిన్నది కుళాయి కట్టేసి వింటూ నిలబడింది. ఆ పనులన్నిటికీ విడివిడిగా పేర్లున్నాయని, వాటికి ధర కూడా ఉంటుందని ఆమెకు అంతవరకూ తట్టనే లేదు. ఇంట్లో వాటన్నిటికీ కలిపి ఉన్న పేరు ఒకటే. "చిన్నది ఇంట్లోనే ఉంటుందిగా." తన నడుం కూడా నొప్పి పెడుతోందని ఆ క్షణంలో తెలిసింది. ఎన్నాళ్ళుగా నొప్పి పెడుతోందో మరి.

అమ్మ ఎంత గీసిగీసి బేరమాడినా ఆయా దిగలేదు. రేపటిలోగా చెప్పండి, ఇంకో ఇంటివాళ్ళు కూడా అడుగుతున్నారని చెప్పి వెళ్ళిపోయింది. అన్నయ్య విని నవ్వాడు.

"ఏడు తెచ్చి ఎనిమిదిన్నర ఇవ్వడమా? ఎదురు డబ్బులు పెట్టుకుని ఉద్యోగానికి పంపడం నేనెక్కడా వినలేదు. రానని ఫోన్ చేసెయ్."

అమ్మ పన్నెండేళ్ళుగా యూనిట్‌లో ఇచ్చింది పుచ్చుకుని వస్తున్న మనిషి, ఆవిడ మాత్రం ఏమంటుంది. చిన్నదానికి మాత్రం ఒక్కసారిగా రాబోయే రోజులన్నీ కనిపించాయి. ఆ గది, ఆ దుప్పట్లు, ఆ వాసన, మధ్యాహ్నం పూట వీధిలో ఏ చప్పుడూ లేనప్పుడు గోడ గడియారం చప్పుడు. బీకాం సర్టిఫికెట్ బీరువాలోనే పసుపు రంగుకు తిరుగుతుంది. తర్వాత ఒక పెళ్ళి, అక్కడ ఇంకెవరివో దుప్పట్లు.  "రేపొకసారి వెళ్ళి ఇంకొంచెం ఇమ్మని అడిగొస్తాను" అంది. అన్నయ్య, "నువ్వా" అని మాత్రం అన్నాడు. అందులో వెటకారం కూడా లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

మర్నాడు పక్కింటి పిన్నిని కాసేపు నాన్నమ్మ దగ్గర కూర్చోమని బతిమాలి బస్సెక్కింది.  దుకాణం ముందుకొచ్చి, దాటి, వీధి చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగింది. కౌంటరు దగ్గరున్న మనిషి ఏం కావాలమ్మా, కుళాయిలా, షవర్లా అని అడిగాడు. ఒక్క క్షణం, కుళాయే అని చెప్పి ఒకటి కొనుక్కుని ఇంటికి పోదామా అనిపించింది. పర్సులో అంత డబ్బు లేకపోబట్టి లోపలికి వెళ్ళింది.

ఓనరుగారు సంతోషంగానే పలకరించాడు. సోమవారం రమ్మంటే ఇవాళే వచ్చావే అన్నాడు. కూర్చోమన్నాడు గానీ, కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయమేసి నిలబడే ఉంది. కుర్చీ వీపు పట్టుకుంది. జీతం గురించి సార్ అంది. తన గొంతు తనకే పక్క గదిలోంచి వినబడినట్టుంది. ఆ ముఖం, ఏ ముఖం బిగుసుకోకూడదని అంత తిప్పలు పడిందో ఆ ముఖం, కళ్ళ ముందే బిగుసుకుంది.

"అదేంటమ్మా, ఒప్పుకున్నావు కదా మొన్న?"

"ఒప్పుకోలేదు సార్. భయపడ్డాను."

ఈ మాట గిన్నెలు తోముతూ అనుకున్నది కాదు. ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకూ తెలియదు.  ఆయన ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. భయమెందుకు, నేనేమన్నా పులినా అన్నాడు. చిన్నది పన్నెండు వేలు కావాలి సార్, మా ఇంట్లో నేను చేసే పనికే ఎనిమిదిన్నర అడుగుతున్నారు, నేను ఇక్కడికి రావాలంటే ఆ డబ్బు నేనే ఇచ్చుకోవాలి అంది. మీ ఇంటి ఖర్చులతో నాకేం సంబంధం, ఆరు వేలకు వచ్చేవాళ్ళున్నారు అన్నాడాయన. నిజమే, ఉన్నారు. మొన్న ఏడు వేలకు ఒప్పుకున్న పిల్ల తనే. "కొత్తవాళ్ళకు పన్నెండే నడుస్తోంది సార్. పని వచ్చని మీరే అన్నారు" అంది. 

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ పది అన్నాడు. చిన్నది అప్పుడే సరేననేద్దామనుకుంది. నాలుక కదిలితే కదా. పిడచకట్టుకుపోయి అంగిట్లో అతుక్కుంది. ఆయన ఆ మౌనాన్ని మొండితనం అనుకున్నాడు. చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటావు గానీ గట్టిదానివే అని, పదకొండున్నర, ఆపైన పైసా ఇవ్వను, పని చూసి ఆర్నెల్ల తర్వాత పన్నెండు చేస్తాను అన్నాడు. చిన్నది తల ఊపింది. ఈసారి థాంక్యూ చెప్పలేదు. పౌరుషంతో మానలేదు పాపం, గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక నాన్నమ్మకు పక్క మార్చి, మందులు వేసి, పక్కన కూలబడి కాసేపు ఏడ్చింది. సంతోషమే అనుకుంది. నాన్నమ్మ చెయ్యి చాచి ఆమె మోచేతిని తడుముతూ పడుకుంది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పన్నెండేళ్ళ సర్వీసు తర్వాత తనకొచ్చేది అంతకంటే ఎక్కువేం కాదు. మెచ్చుకోవాలో జాగ్రత్త చెప్పాలో తెలియక ఇంకాస్త అన్నం వడ్డించింది. అన్నయ్య కూడా మెచ్చుకున్నాడు, అబద్ధం ఎందుకు. పర్వాలేదే, ఇచ్చాడే అన్నాడు. తింటూనే ఎడమ చేత్తో ఫోన్ తీసి లెక్క వేశాడు.

"ఎనిమిదిన్నర ఆయాకు పోతే మూడు. బస్సుకు ఒక వెయ్యి. రెండు మిగులుతాయి, అవి అమ్మకియ్యి. సరే, వెళ్ళు. నాకేం అభ్యంతరం లేదు."

అమ్మ ఊపిరి పీల్చుకుంది. చిన్నది కూడా పీల్చుకుంది. వెళ్ళమన్నాడు, అంతకంటే ఏం కావాలి. సరే అన్నయ్యా అనడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడే ఆ లెక్కలో ఎక్కడో తేడా ఉందనిపించింది. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి ఎనిమిదిన్నర వేలు మొత్తం తన జీతంలోంచే ఎందుకు పోవాలి? నాలుగేళ్ళు ఆ పని చేసినప్పుడు తనకు ఇవ్వడం ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు ఇంకొకరు చేస్తే ఇవ్వాల్సింది తనే అని మాత్రం అందరికీ, అడగకుండానే, తెలుసు. తనక్కూడా తెలుసు. పొద్దున ఓనరుతో ఆ ఎనిమిదిన్నర గురించి చెప్పినప్పుడు అది తన ఖర్చేనన్నట్టు చెప్పింది కదా. అద్దాల గదిలో బేరమాడి తెచ్చుకున్నది కంచం దగ్గర, చెయ్యి కడుక్కునే లోపల, కరిగిపోతోంది.

ఇది చెప్పకూడదు. చెబితే ఏమవుతుందో చిన్నదానికి బాగా తెలుసు. కంచం పక్కకు జరుగుతుంది, కుర్చీ వెనక్కి జరుగుతుంది, గది తలుపు పడుతుంది, రేపటి నుంచి ఆ ఇంట్లో ఊపిరి కూడా లెక్కపెట్టి పీల్చుకోవాలి. అమ్మ వంటింట్లోకి వచ్చి గుసగుసలాడుతుంది. ఉద్యోగమే వద్దనైనా అనొచ్చు. ఓనరుగారి దగ్గర వేసిన భయం దీని ముందు ఏపాటిది. ఆయన కాదంటే ఇంకో దుకాణం ఉంది. ఇల్లు ఇంకోటి లేదు.  నాలుక చివర అలవాటైన మాట ఎప్పటిలాగే సిద్ధంగా ఉంది, వదిలితే చాలు.

వదల్లేదు. కంచంలో చూస్తూ కాకుండా, తలెత్తి, అతని ముఖం బిగుసుకోబోయే చోటనే చూస్తూ చెప్పింది.

"ఆయా జీతం ముగ్గురం పంచుకుందాం. నాన్నమ్మ నీక్కూడా నాన్నమ్మే కదా, అన్నయ్యా."