నల్ల తీగకు ముడి

నాకు ముక్కు మీద కోపం. మా తమ్ముడు పోయి మూడు నెలలైనా వాడి మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, ఆయన కొని పెట్టుకున్న సబ్‌వూఫర్ అట్టపెట్టెలోనే ఉండిపోయింది. మీరొచ్చి కలిపి పెడతారా? క్యాసెట్లో ఆయన గొంతు రోజూ వింటున్నాను. కానీ అది ఆయన గొంతులా లేదు. పీలగా, ఎవరో పరాయివాళ్ళు మాట్లాడినట్టుంది."

వాడిది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. చిన్న స్పీకర్లలో ఆ బరువు వినపడదు, దానికి సబ్‌వూఫర్ కావాలి. సరే, వస్తానన్నాను. వాడు పోయిన రోజు తప్పిస్తే ఆరేళ్ళుగా ఆ గడప తొక్కలేదు నేను.

ఆరేళ్ళ కిందట వాణ్ణి మా రిపేరు షాపులోంచి పంపేసింది నేనే. కస్టమర్ యాంప్లిఫయర్‌కి కరెంటు తీగలు తిరగేసి కలిపి బోర్డంతా మాడ్చేశాడు. "ఎరుపు ప్లస్, నలుపు మైనస్! చిన్నపిల్లలక్కూడా తెలుసు కదరా! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అని నలుగురి ముందూ అరిచాను. వాడు టెస్టర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వాడి ఇంట్లో ఉన్న యాంప్లిఫయర్ పాతది. సబ్‌వూఫర్‌కి వేరే సాకెట్ లేదు. స్పీకర్ తీగలు బిగించిన చోటి నుంచే దానికీ తీగలు లాగాలి. వెనక్కి తిప్పి చూస్తే ఒళ్ళు మండిపోయింది. రెండు స్పీకర్లకీ ప్లస్‌లో నల్ల తీగ, మైనస్‌లో ఎర్ర తీగ. పైగా ప్రతి నల్లదాని చివరా ఒక ముడి. షాపులోనూ ఇంతే, ప్రతి ప్లస్ తీగకీ ముడి వేసేవాడు. చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని ఒకరోజు అన్నీ నేనే విప్పేశాను.

"బుద్ధి మారలేదు వీడికి" అని గొణుక్కుంటూ ముడులు విప్పాను. ఎర్రవి ప్లస్‌కీ నల్లవి మైనస్‌కీ మార్చి, సబ్‌వూఫర్ కలిపి, క్యాసెట్ వేశాను.

గొంతు బరువెక్కలేదు సరికదా, ఉన్న కాస్త బరువూ పోయింది. మరదలి ముఖం పాలిపోయింది. "పాడైపోయిందా బావగారూ?"

స్పీకర్ల వెనక చూశాను. అక్కడా నల్ల తీగకే ముడి, అక్కడా అది ప్లస్‌లోనే. వాడు రెండు కొసలూ సరిగ్గానే బిగించాడు. ఒక్క కొస మార్చి తగలేసింది నేను. ఇప్పుడు సబ్‌వూఫర్ గాలిని ముందుకు తోస్తుంటే స్పీకర్లు వెనక్కి లాగుతున్నాయి, అందుకే గొంతులో బరువు పోయింది.

"రంగు చూసి బిగించి చావొచ్చుగా! ఈ ముడులేంటమ్మా?" అనేసి నాలుక్కరుచుకున్నాను.

మరదలు స్పీకర్ వెనకున్న ముడిని వేలితో తడిమింది. "ఆయనకి ఎరుపు తెలిసేది కాదు బావగారూ. ఎరుపూ నలుపూ ఒకేలా ఉండేవట. మీటరు పెట్టి ప్లస్ ఏదో చూసుకుని, గుర్తుకి ముడి వేసుకునేవారు. అన్నయ్యకి తెలిస్తే షాపులో ఉండనివ్వడని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

ముడి విప్పిన నల్ల తీగని చేతిలోకి తీసుకున్నాను. నేను ముడులు విప్పిన మర్నాడే ఆ బోర్డు మాడింది. కస్టమర్ని ఎదురుగా కూర్చోబెట్టి, కానీ కానీ అని వాణ్ణి తొందరపెట్టిందీ నేనే. ముడి కనపడక ఏదో ఒకటిలే అని బిగించి ఉంటాడు. ఇన్నేళ్ళలో ఎందుకురా ఈ ముడులు అని ఒక్కసారైనా అడిగానా? తిట్టడమే సరిపోయింది నాకు.

నల్ల తీగలకి మళ్ళీ ముడులు వేశాను. వాడు పెట్టినట్టే ప్లస్‌లో బిగించాను.

క్యాసెట్ తిరిగింది. ఎప్పుడో మా షాపులో మైకు పరీక్షిస్తూ రికార్డు చేసిందది. "ఒకటి... రెండు... మూడు..." నేల అదిరింది. వాడి గొంతే, అచ్చంగా వాడిదే. మరదలు సబ్‌వూఫర్ మీద అరచెయ్యి ఆనించి భోరుమంది.

"అన్నయ్యా, వినిపిస్తోందా?"

మరదలు గబుక్కున బటన్ మీదికి చెయ్యి చాపింది. "ఇక్కడ ఆపేద్దాం బావగారూ. తర్వాత ఏమీ లేదు."

"ఉండనీ అమ్మా" అన్నాను.

తర్వాత వచ్చింది నా గొంతు. "మళ్ళీ ముడి వేశావా, గుడ్డి వెధవా!" గదంతా నిండిపోయింది. ఆ వెనకే వాడి నవ్వు.

"విప్పేస్తాలే అన్నయ్యా."